ఎర్ర పెట్టెలో మంచి హుక్కులు

ఆ శనివారం మధ్యాహ్నం ఆదిత్యపూర్ ఫ్యాక్టరీల పేటలోని ఆ షెడ్డులో ఉన్నవి: లారీ హుక్కులను లాగి పరీక్షించే హైడ్రాలిక్ ప్రెస్సు. దాని పక్కన ఇనుప క్యాబినెట్‌లో కంప్యూటరు, పైన దుమ్ము పట్టిన తెర. ఆకుపచ్చ రంగు కుంచె ఒకటి, ఎర్ర రంగు కుంచె ఒకటి. ఫెయిలైన హుక్కులు పడేసే ఎర్ర ఇనుప పెట్టె, నడుమెత్తుది. నూనెగుడ్డలో చుట్టిన కొలత హుక్కు, దాన్ని అక్కడ మాస్టర్ అంటారు. ఉన్నవాళ్ళు: ఆ యూనిట్ మేనేజరు, కుర్చీలో. మా చిన్నాన్న, నిలబడి. నేను, నిలబడి. గ్రైండింగ్ మిషను దగ్గర ఇద్దరు పనివాళ్ళు, చెవులు మావైపు పెట్టి. ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోమని మేనేజరు నాకు చెప్పాడు, చిన్నాన్నకి చెప్పలేదు. నేను కూర్చోలేదు.

నన్ను పిలిపించింది చిన్నాన్నకి నచ్చజెప్పడానికి. "ఆప్ పఢే లిఖే హో, చాచా కో సమ్‌ఝాయియే" అన్నాడు మేనేజరు. చదువుకున్నవాణ్ణి కాబట్టి, చెయ్యని తప్పు ఒప్పుకోవడంలో లాభం ఏమిటో నేనే విడమరిచి చెప్పాలి. నేను అదే ఆదిత్యపూర్‌లో ఇంకో చిన్న యూనిట్‌లో యంత్రాల కంప్యూటర్లు బాగుచేస్తాను. నా చదువు ఇలాంటి పనికి పనికొస్తుందని అంతవరకు నాకు తెలియదు.

చిన్నాన్న ఆ ప్రెస్సు మీద కాంట్రాక్టు పనివాడు. నేను డిప్లొమాలో చేరకముందు నుంచీ అదే పని. లారీ దారిలో ఆగిపోతే ముందు భాగాన తాడు కట్టి లాగుతారు కదా, ఆ తాడు తగిలించే హుక్కు తయారవుతుంది అక్కడ. ప్రతి హుక్కునీ ప్రెస్సులో పెట్టి లాగాలి. ఎంత సాగిందో తెర మీద వస్తుంది. రెండు మిల్లీమీటర్ల లోపు అయితే ఆకుపచ్చ చుక్క, సరుకులోకి. దాటితే ఎర్ర చుక్క, ఎర్ర పెట్టెలోకి. కొలిమిలో సరిగ్గా కాగని హుక్కు కంటికి మంచి హుక్కులాగే ఉంటుంది. ఆ తేడా చెప్పడానికే ఆ ప్రెస్సూ, చిన్నాన్నా.

సరుకు కొనేవాళ్ళ తనిఖీ మనిషి ఒకడు వచ్చాడు. వాళ్ళ యార్డులో ఆకుపచ్చ చుక్క ఉన్న హుక్కు ఒకటి నోరు తెరుచుకుంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, ఎర్ర పెట్టెలోంచి ఒకటి ఏరుకుని వేరే చోట పరీక్ష చేయించాడు. అది నికార్సయిన హుక్కని తేలింది. తిరిగి తెచ్చి పెట్టెలో పడేసి, చుక్కలు తారుమారు చేస్తున్నారని మేనేజరుతో చెప్పి వెళ్ళాడు. మేనేజరుకి కథ అల్లడానికి అంతకంటే అక్కర్లేకపోయింది. చిన్నాన్న మంచి హుక్కులకి ఎర్ర చుక్క పెట్టింది స్క్రాప్ లారీవాడికి అమ్ముకోవడానికి, చెడ్డవాటికి ఆకుపచ్చ చుక్క పెట్టింది లెక్క సరిపోవడానికి. ఇదీ ఆ కథ. కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు ఖాళీ చేసింది మొదలు ఎర్ర పెట్టె ఒక్కసారి కూడా స్క్రాప్‌కి పోలేదు, హుక్కులన్నీ అందులోనే ఉన్నాయి. ఆ మాట నేనంటే మేనేజరు, "లారీ రావడం కోసమే చూస్తున్నాడు" అన్నాడు.

సోమవారం పొద్దున సేఫ్టీ మీటింగ్ ఉంటుంది. షిఫ్టు మొదలయ్యేముందు అందరూ వరసగా నిలబడి, చెయ్యి చాపి ప్రమాణం చదువుతారు. ఆ తర్వాత చిన్నాన్న ముందుకొచ్చి "గల్తీ హో గయీ" అనాలి. తప్పయిపోయిందని ఆ ఒక్క మాట అంటే ఫర్నేస్ దగ్గర లోడింగు పనిలో పెడతారు. అనకపోతే గేట్ పాస్ ఇచ్చేసి వెళ్ళిపోవాలి.

"నానేటీ మార్నేదురా" అన్నాడు చిన్నాన్న నాతో, మేనేజరుకి అర్థం కాని భాషలో. "తెర మీద ఏటి సూపితే ఆ రంగెట్టేను."

చిన్నాన్న రోజూ ఎలా చేస్తాడో ఒకసారి చూస్తానని మేనేజరుని అడిగాను. చేతి గడియారం చూసుకుని, పది నిమిషాలన్నాడు.

చిన్నాన్న చెప్పులు విడిచాడు. స్విచ్ వేశాడు. ప్రెస్సుని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. హుక్కు పెట్టకుండా ఒకసారి ఖాళీగా నడిపాడు. తెర మీద సున్నా వచ్చింది, అది సరే. తర్వాత, ఒకటీ పాయింట్ రెండు మిల్లీమీటర్లు సాగాలని చెక్కి ఉన్న మాస్టర్ హుక్కు విప్పి తగిలించి మీట నొక్కాడు. నొక్కగానే తెరకి వీపు తిప్పి, గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

నాకు ఆ నిలబడడం తెలుసు. మా ఇంట్లో నైవేద్యం పెట్టాక తలుపు ఓరగా వేసి అందరం ఇటు తిరిగి నిలబడతాం. దేవుడు తినేటప్పుడు చూడకూడదు.

నేను తెర చూశాను. మాస్టర్ హుక్కు ప్రెస్సులో బిగుసుకుని ఉంది. తెర మీద సున్నా ఉంది.

"చిన్నాన్నా, సున్నా చూపిస్తంది."

"అటు సూడకు. అది మిషనుకెట్టింది. రెండోది మనది."

"మాస్టర్‌కి సున్నా ఏంటి? ఒకటీ పాయింట్ రెండు కదా రావాలి?"

"పొద్దుటేల నూనె సల్లగుంటాది. మొదటిది కుదరదు. నాకు పని నేర్పినోడు కూడా ఇలగే సేసేవోడు. ఇప్పుడు సూడు."

రెండోసారి లాగాడు. ఒకటీ పాయింట్ రెండు వచ్చింది, చుక్క తేడా లేకుండా.

"మొదటిసారి ఎప్పుడూ సున్నాయే వస్తదా?"

"నానెప్పుడు సూసేనేటి?"

గ్రైండింగ్ దగ్గరి ఇద్దరిలో ఒకడు నవ్వాడు. "దాదా మిషన్ కో భోగ్ లగాతా హై" అన్నాడు రెండోవాడితో. దాదా, అంటే చిన్నాన్న, మిషనుకి నైవేద్యం పెడతాడట. మేనేజరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. చల్లటి నూనె వల్ల రీడింగు కొంచెం తగ్గుతుంది. సున్నా కాదు.

ఆ సాయంత్రం భుయ్యాడీహ్ బస్తీలో వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని బయట గట్టు మీద చేపలు కడుగుతోంది, నన్ను చూసి కూడా ఆపలేదు.

"సెప్పొచ్చేవేటి, నచ్చసెప్పి?" అంది. "ఎంతిత్తన్నారేటి నీకు?"

"పిన్నీ, నేనేమీ చెప్పలేదు."

"అందుకే అడుగుతన్నాను. మీ సిన్నాన్న దొంగైపోయేడని కుళాయి కాడ ముగ్గురాడోళ్ళు నాకు సెప్పేరు. మొగుడి సంగతి నాకు కుళాయి కాడ తెలియాలా?"

చిన్నాన్న లోపల్నుంచి అన్నాడు, "ఒక్క ముక్క అనేత్తే పోద్ది కదే. గల్తీ హో గయీ. నోరేటి అరిగిపోద్దా?"

"సెయ్యని దానికి సెంపలేసుకుంటావేటి? రేపు మన గుంటడు నిన్ను ఏటనుకోవాల?"

"గుంటడు పని మానేసి ఇంట్లో కూకున్న అయ్యని ఏటనుకుంటాడు?"

పిన్ని చేప తలని ఒక్క వేటుకి తెగ్గొట్టింది. నావైపు తిరిగి, "నువ్వు సదివిందేటి, మిషన్లే కదా? ఆ మిషన్ని అడగలేవా?" అంది.

మేనేజరుకి ఫోన్ చేసి ఆదివారం పొద్దున కంప్యూటరు చూస్తానన్నాను. చూడు, ఏమీ మార్చకు అన్నాడు. మారిస్తే బాధ్యత నీదే అని రెండుసార్లు అన్నాడు. బాధ్యత అనే మాట ఆ షెడ్డులో ఎవరి నోట విన్నా, అది ఎదుటివాడిదే అయి ఉంటుంది.

ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. లేకపోతే నా కోపం ఎవరి మీదో తెలియదు.

పాత కంప్యూటర్లలో కార్డులు గుచ్చడానికి ఐఎస్ఏ అనే రకం బస్ ఉండేది. బస్ అంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య తీగల దారి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో అది ఎప్పుడో పోయింది. ఫ్యాక్టరీల కోసం ఇంకా ఆ స్లాటుతో బోర్డులు తయారుచేసేవాళ్ళు ఉన్నారు. ఈ ప్రెస్సు కొలతలు తీసే కార్డు ఆ పాత రకానిది. అసలు కంప్యూటరు దుమ్ముకి చచ్చిపోతే, కార్డు పారేయకుండా, అలాంటి బోర్డున్న కొత్త కంప్యూటరు కొన్నారు. అంతవరకు మంచి నిర్ణయమే. పాత డ్రైవర్ కొత్త కెర్నెల్‌లో నడవదు కాబట్టి వేరే ఊరి నుంచి ఒక ఇంజనీరుని పిలిచి కొత్తది రాయించారు. డ్రైవర్ అంటే కార్డుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాం, కెర్నెల్ అంటే కంప్యూటరు మొత్తాన్ని నడిపే అసలు ప్రోగ్రాం.

కార్డు మీద కాస్త మెమరీ ఉంటుంది. హుక్కు ఎంత సాగిందో లెక్కకట్టి కార్డు అందులో రాస్తుంది. డ్రైవర్ దాన్ని చదివి తెరకి పంపాలి. కానీ డ్రైవర్ ఆ మెమరీని నేరుగా ముట్టుకోలేదు. ముందు దాన్ని మ్యాప్ చేయమని కెర్నెల్‌ని అడగాలి. కెర్నెల్ కిటికీ తెరిచినట్టు ఒక అడ్రసు ఇస్తుంది. ఆ అడ్రసు చేతికొచ్చాక కూడా దాన్ని మామూలు మెమరీలా వాడకూడదు, పరికరాల మెమరీ చదవడానికంటూ ఉన్న ఫంక్షన్లతోనే చదవాలి. ఇది నా అభిప్రాయం కాదు. కెర్నెల్‌తో పాటు వచ్చే పత్రాల్లోనే ఉంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు.

కారణం సులువు. మామూలు మెమరీలో ప్రోగ్రాం రాస్తేనే విలువ మారుతుంది. ఒకసారి చదివిన చోటుని మళ్ళీ చదవమంటే, మధ్యలో ఎవరూ ఏమీ రాయలేదు కదా అని కంపైలర్, అంటే రాసిన కోడుని యంత్రం భాషలోకి మార్చే ప్రోగ్రాం, మొదట చదివిన విలువనే మళ్ళీ వాడేస్తుంది, రెండోసారి వెళ్ళదు. మామూలు మెమరీకి అది మంచి పద్ధతి. కార్డు మెమరీలో మాత్రం రాసేది కార్డు, ఆ సంగతి కంపైలర్‌కి తెలియదు. ఆ ప్రత్యేకమైన ఫంక్షన్లు వాడితే ప్రతిసారీ వెళ్ళి చూసి తీరుతుంది.

కొత్త డ్రైవర్ చెయ్యాల్సిన పనులు వరసగా ఇవి. కార్డు స్లాటులో ఉందో లేదో తెలియడానికి ఆ మెమరీని ఒకసారి చదవడం. ప్రెస్సుని లాగమనడం. అయిపోయిందని కార్డు చెప్పేదాకా ఆగడం. అదే మెమరీని మళ్ళీ చదవడం. చదివింది తెరకి పంపడం. ఆ ఇంజనీరు మొదటి చదవడమూ రెండో చదవడమూ మామూలు పాయింటర్‌తో, అంటే మామూలు మెమరీని చదివినట్టే రాశాడు. కంపైలైన ఫైలు విప్పి చూశాను. ఆ అడ్రసు నుంచి చదివే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటే ఉంది. అది హుక్కుని లాగకముందు ఉంది.

అంటే తెర ఏనాడూ ప్రెస్సులో ఉన్న హుక్కు సంగతి చెప్పలేదు. దానికి ముందు హుక్కు సంగతి చెప్పింది.

నేను క్యాబినెట్ ముందు బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాను. అక్కడే లెక్క వేసుకున్నాను. చెడ్డ హుక్కు పెట్టినప్పుడు దాని ముందున్న మంచి హుక్కు అంకె వచ్చింది, చిన్నాన్న ఆకుపచ్చ చుక్క పెట్టాడు. తర్వాత మంచి హుక్కు పెట్టగానే ఆ చెడ్డదాని అంకె వచ్చింది, ఎర్ర చుక్క పెట్టాడు. తెర ఏది చూపిస్తే ఆ రంగు. ఆయన శనివారం అన్న మాట అక్షరాలా నిజం.

మరి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, తనిఖీ ఎప్పుడూ మాస్టర్ హుక్కుతోనే జరుగుతుంది, దాన్నే మళ్ళీ మళ్ళీ లాగుతారు. ముందు హుక్కూ అదే, వెనక హుక్కూ అదే, అంకె సరిగ్గా వస్తుంది. కొలతలు సరిగ్గా ఉన్నాయని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చే మనిషి కూడా మొదటి రీడింగు రాసుకోడు, అది వాళ్ళ పద్ధతి. చిన్నాన్న పద్ధతీ అదే, కాకపోతే ఆయన వీపు తిప్పి నిలబడతాడు. పాత కంప్యూటరు రోజుల్లో చల్లటి నూనె కోసం పుట్టిన అలవాటు అది, అప్పట్లో అవసరమైనదే. కొత్త కంప్యూటరు వచ్చాక, తప్పు బయటపడగలిగిన ఆ ఒక్క క్షణంలో ఆయన మొహం గోడవైపు ఉండేది.

అంతవరకు నాకు జాలే ఉంది. కోపం వచ్చింది తర్వాత చూసిన లైను దగ్గర. కెర్నెల్ ఇచ్చిన అలాంటి అడ్రసుని మామూలు పాయింటర్‌లో పెడితే, కోడు తనిఖీ చేసే పరికరం హెచ్చరిక ఇస్తుంది. ఆ ఇంజనీరుకి ఆ హెచ్చరిక వచ్చింది. వచ్చిందని నాకెలా తెలుసంటే, అది రాకుండా చేసే మాటని అతను అక్కడే తన చేత్తో రాశాడు. ఆ మాట ఊరికే రాదు, పనిగట్టుకుని రాయాలి. నేనేం చేస్తున్నానో నాకు తెలుసు, నువ్వు నోరు ముయ్యి అని పరికరానికి చెప్పడం అది. పాత డ్రైవర్ అదే ఫోల్డరులో పడి ఉంది. దానిలో చదివే ఫంక్షన్ సరిగ్గా వాడారు. పాతికేళ్ళ కిందటిదో ఏమో, ఎవరు రాశారో తెలియదు, శుభ్రంగా ఉంది. ఆ ఫంక్షన్ పేరు కొత్త కెర్నెల్‌లో లేదు, దాని బదులు వేరే పేరు ఉంది. పేరు మారిస్తే సరిపోయేది.

అతని నంబరు మేనేజరు దగ్గర తీసుకుని ఫోన్ చేశాను.

"ఏ కార్డు? ఓ, ఆ మ్యూజియం పీసా!" అని నవ్వాడు.

రెండోసారి చదవడం జరగడం లేదని, ఏ ఫైలో, ఏ లైనో చెప్పాను.

"బాస్, కంపైల్ హువా, చలా, సైన్-ఆఫ్ హువా. క్యాలిబ్రేషన్ పాస్. ఆపరేటర్ కీ గడ్‌బడ్ హోగీ." నడిచింది, సంతకాలయ్యాయి, తప్పు ఆపరేటర్‌దే అయి ఉంటుందట.

"క్యాలిబ్రేషన్‌లో ఒకే హుక్కుని వరసగా లాగుతారు. అందులో తెలియదు" అన్నాను హిందీలో.

"తో?"

అయితే ఏంటట. ఆకుపచ్చ చుక్కతో బయటికి పోయిన చెడ్డ హుక్కు, దాని చివర తాడు, ఆ తాడు చివర లారీ. ఇవన్నీ చెప్పబోయాను. ఆదివారం పూట ఇంట్లో అతిథులు ఉన్నారని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం మీటింగ్‌కి ముందు చిన్నాన్నని తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. ఖర్కాయి నది వంతెన మీద ఆటోలో కూర్చుని ఆయన పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఏంటని అడిగితే, "హిందీలో తప్పులు పోకుండా సూసుకుంతన్నాను" అన్నాడు. ఆ క్షమాపణ వల్లె వేసుకుంటున్నాడు. ముందు నేను చెప్పేది చూడు అని మాత్రం అన్నాను.

మేనేజరుని ప్రెస్సు ముందు నిలబెట్టి, చిన్నాన్నని స్విచ్ వెయ్యమన్నాను. హుక్కు లేకుండా లాగించాను. సున్నా. మాస్టర్ పెట్టి లాగించాను. సున్నా. చిన్నాన్న అలవాటుగా గోడవైపు తిరగబోతే భుజం పట్టుకుని ఆపాను. "సూడమంటావేటి?" అన్నాడు. "చూడు చిన్నాన్నా" అన్నాను. ఇబ్బందిగా చూశాడు.

మాస్టర్ తీసేయించాను. ఇప్పుడు ప్రెస్సులో ఏమీ లేదు. "లాగు" అన్నాను.

ఖాళీ ప్రెస్సు ముందుకొచ్చి వెనక్కి వెళ్ళింది. తెర మీద ఒకటీ పాయింట్ రెండు వచ్చింది.

"ఓలమ్మో" అన్నాడు చిన్నాన్న. "ఏటీ నేకుండా ఏటి కొలిసిందిది?"

గ్రైండింగ్ దగ్గరివాళ్ళు మిషను ఆపి వచ్చి నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేనేజరు సెన్సార్ పోయిందేమో అన్నాడు. కాదన్నాను. నూనె మార్చాలేమో అన్నాడు. కాదన్నాను. డ్రైవర్ ప్రోగ్రాం మార్చమంటారా అని అడిగితే, అటూ ఇటూ చూసి, మార్చు అన్నాడు. రెండు చోట్లా పాయింటర్ తీసేసి చదివే ఫంక్షన్ పెట్టాను, ఆ నోరు నొక్కే మాట చెరిపేశాను, కంపైల్ చేసి డ్రైవర్ మళ్ళీ ఎక్కించాను. ఖాళీకి సున్నా. మాస్టర్‌కి ఒకటీ పాయింట్ రెండు, మొదటిసారే. మళ్ళీ ఖాళీకి సున్నా.

అప్పుడు మేనేజరు అన్న మొదటి మాట ఇది: "చాచా మొదటి రీడింగు చూసి ఉంటే ఎప్పుడో దొరికేది కదా."

చిన్నాన్న రెండు చెంపలూ ముట్టుకున్నాడు. నిజమే సార్ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకాయన తెర చూడకపోవడం భక్తితో. ఇంకొకడు హెచ్చరిక చూసి మరీ దాని నోరు నొక్కాడు, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు, ఫోన్ చేస్తే నవ్వాడు. ఇతనేమో బల్ల మీద హుక్కు పెట్టిన మరుక్షణం ఒక మనిషిని దొంగని చేశాడు, యంత్రాన్ని అడగాలని తోచనే లేదు. ఈ ముగ్గురిలో చెంపలు వేసుకున్నది ఒక్కడే. ఇదంతా హిందీలో మేనేజరు మొహం మీదే అన్నాను. గట్టిగానే అన్నాను. అతను గడియారం చూసి, మీటింగ్‌కి టైమైందన్నాడు.

వరసలో అందరూ నిలబడ్డారు. ప్రమాణం చదివారు. మేనేజరు గొంతు సవరించుకుని, టెస్టింగ్ ప్రెస్సులో సాఫ్ట్‌వేర్ సమస్య ఉండేదనీ, ఇప్పుడు సరిచేశారనీ, అందరూ పనికి వెళ్ళొచ్చనీ చెప్పాడు. తర్వాత చిన్నాన్నవైపు చూసి, "చలో దాదా, డ్యూటీ పే లగ్ జావ్" అన్నాడు. పనిలోకి పదమని. అంతే. దొంగ అన్న మాట కుళాయి దాకా వెళ్ళింది. కాదన్న మాట ఆ వరస దాకా కూడా రాలేదు.

అందరూ కదిలారు. చిన్నాన్న కదల్లేదు.

వల్లె వేసుకున్న హిందీ పనికొచ్చింది. "పహలే లాల్ పేటీ" అన్నాడు. ముందు ఎర్ర పెట్టె. అందులో ఉన్న ప్రతి హుక్కునీ ఇప్పుడే, అందరూ చూస్తుండగా మళ్ళీ లాగాలి. ఎన్ని మంచివో గట్టిగా చెప్పాలి. ఆ తర్వాతే ఈ ప్రెస్సు మీద చెయ్యి వేస్తాను.

మేనేజరు కుదరదన్నాడు. ప్రొడక్షన్ ఆగిపోతుందన్నాడు. స్క్రాప్‌ని ఎవరు టెస్ట్ చేస్తారన్నాడు. "సాఫ్ట్‌వేర్ సమస్య అని చెప్పాను కదా, ఇంకేం కావాలి?" అన్నాడు.

చిన్నాన్న నావైపు తిరిగాడు. "ఆటిని అమ్ముకుందామని దాసేనన్నాడు. నానేటి దాసేనో ఆటినే అడుగుతాను. నువ్వు సెప్పు, నా హిందీ సాలదు."

నేను చెప్పాను. వరసలోవాళ్ళు ఎవరూ మిషన్ల దగ్గరికి వెళ్ళలేదు. గ్రైండింగ్ దగ్గర నవ్విన మనిషే వెళ్ళి ఎర్ర పెట్టెని ఈడ్చుకొచ్చి ప్రెస్సు పక్కన పెట్టాడు. "లో దాదా" అన్నాడు, ఇదిగో తీసుకో అని, తల ఎత్తకుండా.

చిన్నాన్న ఒక్కొక్క హుక్కూ తీసి, నూనెగుడ్డతో తుడిచి, ప్రెస్సులో తగిలించాడు. ఈసారి గోడవైపు తిరగలేదు. అంకె రాగానే పెద్దగా చదివాడు, తెలుగులో. అక్కడ సగం మందికి తెలుగు రాదు, అయినా ఆకుపచ్చ కుంచె ఎర్ర చుక్క మీద పడుతుంటే భాష ఎవరికి కావాలి. పదో హుక్కు దాటాక గ్రైండింగ్ మనిషి తనే అందించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక హుక్కు రెండు మిల్లీమీటర్లు దాటింది. చిన్నాన్న ఆగి, "ఇది సెడ్డదే" అని, దాన్ని నిజంగా ఎర్ర పెట్టెలోకి విసిరాడు. ఆ చప్పుడుకి మేనేజరు ఉలిక్కిపడ్డాడు.

మేనేజరుకి ఆ లెక్క ఎందుకు వద్దో నాకు అప్పుడు అర్థమైంది. పెట్టెలోని ప్రతి ఎర్ర చుక్కకీ, దానికి ముందు ప్రెస్సెక్కిన చెడ్డ హుక్కు ఒకటి ఉండి తీరాలి. పెట్టెలో ఎన్ని ఎర్ర చుక్కలుంటే అన్ని చెడ్డ హుక్కులు. అవి పెట్టెలో లేకపోతే ఆకుపచ్చ చుక్కతో లారీల ముందు భాగాన ఉన్నాయి. చిన్నాన్న అడిగింది తన మాట కోసం. ఆ లెక్క తేల్చింది మాత్రం వాళ్ళ సరుకుని.

ఆఖరి హుక్కు అయ్యాక గ్రైండింగ్ మనిషి "దాదా కా సబ్ సహీ థా" అన్నాడు అందరికీ వినపడేలా. దాదా చేసిందంతా సరిగ్గానే చేశాడని. ఆ షెడ్డులో చిన్నాన్నకి దక్కిన క్షమాపణ అదొక్కటే, చెప్పింది క్షమాపణ చెప్పాల్సినవాడు కాదు. చిన్నాన్న కుంచె కడిగి, మాస్టర్‌ని నూనెగుడ్డలో చుట్టి, పనిలోకి దిగాడు. ఇప్పటికీ పొద్దున మొదటి లాగుడు మిషనుకే ఇస్తాడు. కాకపోతే వీపు తిప్పడు. "పిలిసి ఎట్టినప్పుడు తిన్నాదో నేదో సూసుకోవద్దా" అంటాడు.

నేను బయటికి వస్తుంటే మేనేజరు వెంట వచ్చాడు. ఈ అంకె బయటికి పోకూడదన్నాడు. కొనేవాళ్ళకి తాము చూసుకుని చెబుతామన్నాడు. అదే సాయంత్రం అతనికీ, యజమానికీ లెక్క రాసి పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. జవాబు లేదు. కొనేవాళ్ళ తనిఖీ మనిషి ఎవరో, ఎక్కడుంటాడో నాకు చెప్పేవాళ్ళు ఆ షెడ్డులో లేరు. లారీ ఆగిపోయినప్పుడు తాడు కట్టేవాడికి ఆ ఆకుపచ్చ చుక్క ఎవరు, దేన్ని చూసి పెట్టారో తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రోజూ సాయంత్రం స్విచ్ ఆపేముందు ఆఖరున ప్రెస్సెక్కినవాటిలో చెడ్డ హుక్కులు ఏవైనా ఉంటే, వాటి అంకె తెర మీదికి రాకముందే స్విచ్‌తో పాటు పోయి ఉంటుంది. వాటికి పెట్టెలో గుర్తు కూడా లేదు. కాబట్టి కింది లెక్క తక్కువలో తక్కువ.

ఎర్ర పెట్టెలో ఉన్నవి ముప్పై ఎనిమిది. వాటిలో నిజంగా చెడ్డవి రెండు. తనిఖీ మనిషి వాళ్ళ యార్డు నుంచి తెచ్చింది ఒకటి. ఇంకా బయట ఉన్నవి ముప్పై అయిదు.